వావిలాకు సారం: ఏ పరీక్షలో తేలింది?

సంపాదకులకు,

వావిలాకు నొప్పి, జ్వరం, వాపు తగ్గిస్తుందని పరిశోధనలో తేలినట్టు వార్తలు వస్తుంటాయి. ఏ సారం, ఎంత మోతాదు అన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది. బాలింత స్నానానికి ఆకు వేసి కాచే నీళ్లు వేరు. నీడన ఆరిన ఆకు పొడిని మిథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, ద్రావకాన్ని ఆవిరి చేస్తే మిగిలే జిగురు ముద్ద వేరు. నీటిలోకి దిగనివెన్నో మిథనాల్‌లోకి దిగుతాయి.

వాపు పరీక్షలో ముందు ఎలుకకు సారం పట్టించి, గంటకు పాదం అడుగున వాపు తెప్పించే క్యారజీనన్ 1 శాతం ద్రావణం 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తారు. మడమ దగ్గర సిరా గీత పెట్టి, కొలిచిన ప్రతిసారీ పాదాన్ని వాపు కొలిచే పరికరంలోని ద్రవంలో అక్కడిదాకే ముంచాలి. గీత తప్పితే అంకెలూ తప్పుతాయి. తొలి గంట వాపు ఎక్కువగా ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్, సెరటోనిన్ అనే రసాయనాల పని. ప్రోస్టాగ్లాండిన్లు అనే మరో రకం రసాయనాలు మూడో గంటకు జోరందుకుంటాయి. సారాన్ని, వాటిని అణచే ఇండోమెథాసిన్ మందుతో పోల్చాల్సింది అప్పుడే.

అసలు తంటా నొప్పి పరీక్షతో. చిట్టెలుక పొట్టలోకి 0.6 శాతం ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, అది ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో లెక్కపెడతారు. మత్తు కలిగించేది ఇచ్చినా, కండరాలు సడలించేది ఇచ్చినా మెలికలు తగ్గుతాయి. అదంతా నొప్పి తగ్గిన ఖాతాలో రాసేస్తే ఎలా? తిరిగే కడ్డీ మీద చిట్టెలుక నిలదొక్కుకుంటోందో లేదో చూడాలి. 55 డిగ్రీల వేడి పలక పరీక్షా చేయాలి (15 సెకన్లకు మించి ఉంచితే పాదాలు కాలుతాయి). దేనికి సారం ఇచ్చారో, దేనికి ఉత్త నీళ్లిచ్చారో లెక్కపెట్టేవారికి తెలియకూడదు.

జ్వరానికి 20 శాతం ఈస్ట్ ద్రావణాన్ని చర్మం కింద ఎక్కించి 18 గంటలు ఆగుతారు. ఒళ్లు కనీసం అర డిగ్రీ అయినా వేడెక్కని ఎలుకలను పక్కన పెట్టాలి. బెదిరిన ఎలుక ఒళ్లూ వేడెక్కుతుంది కనుక ముందునుంచీ చేతికి అలవాటు చేయాలి.

ఇక మోతాదు. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములు ఇచ్చారనుకుందాం. ఒంటి ఉపరితలాన్ని బట్టి మనిషి లెక్కకు మార్చడానికి 6.2తో భాగిస్తే కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి దాదాపు 3.9 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండాకుకు పది గ్రాముల సారం దిగిందనుకున్నా 39 గ్రాముల ఎండాకు కావాలి. ఈ లెక్క ఇంట్లో వాడుకోవడానికి కాదు, వార్తలో కనిపించే 400 ఎంత పెద్దదో తెలియడానికే. ద్రావకం, జంతువు, మోతాదు ఈ మూడూ వార్తలో ఒక్క వాక్యంగా వేయమని కోరుతున్నాం.

ఫార్మకాలజీ అధ్యాపకులు,
వరంగల్