జిరాక్సులో అరిగిపోయిన నాలుగు

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో కాలేజీలున్న సందులో చాలా ఏళ్లుగా జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. ఈ ఉత్తరం నా గిరాకీకే దెబ్బ అని తెలిసే రాస్తున్నాను.

జూన్‌లో కాలేజీలు తెరవగానే నా మిషన్ మీదికి వచ్చే మొదటి కట్ట ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సు. అందులో మొదటి పాఠం తరంగాలు. ఎవరో ఎప్పుడో చేత్తో రాసిన నోట్సు, ఏటా అదే. అసలు ప్రతి ఎవరి దగ్గరుందో తెలియదు. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్లీ జిరాక్సు. పోయిన ఏడు ఒక అమ్మాయి కాగితం తిరిగి పట్టుకొచ్చి, "అంకుల్, ఇది నాలుగా, ఒకటా?" అని అడిగింది.

ఒక కొస మూసిన గొట్టంలో గాలి స్తంభం గురించిన పేజీ అది. ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే ప్రాథమిక పౌనఃపున్యం వస్తుంది, అంటే ఆ గొట్టం పలికే అన్నిటికన్నా తక్కువ స్వరంలో గాలి సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో. ఆ నాలుగుకు ఎడమవైపు గీత ఏటా కొంచెం కొంచెం అరిగి, చివరికి నిలువు గీత ఒక్కటే మిగిలింది. 17 సెంటీమీటర్ల గొట్టానికి 500 హెర్ట్జ్ రావాల్సింది, ఒకటి అనుకుంటే 2000 వస్తుంది. నేనూ బీఎస్సీ చదివినవాణ్ణే కాబట్టి, "నాలుగు బిడ్డా" అన్నాను. అప్పటి నుంచి పెన్ను పక్కన పెట్టుకుని ప్రతి కట్టలో దిద్ది ఇస్తున్నాను. అంతకుముందు ఎంతమంది చేతిలో ఒకటి పెట్టి డబ్బులు తీసుకున్నానో!

పిల్లల్ని తప్పు పట్టలేం. సిలబస్ తొందర లెక్చరర్లది, ఎప్‌సెట్ టెన్షన్ తల్లిదండ్రులది. పదో తరగతి దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లకు నోడ్, యాంటీనోడ్ అని గబగబా చెప్పేసి పోతే ఏం ఎక్కుతుంది? నోడ్ అంటే అస్పందన స్థానం, తీగ ఊగుతున్నా అది మాత్రం కదలని చోటు అని ఒక్కసారి తన చేత్తో రాసుకుంటే, బొమ్మలో అక్కడ చుక్క పెట్టుకుంటే, ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ అమ్మాయిని, జిరాక్సు పక్కన పెట్టి నీ నోట్సు నువ్వే రాసుకో అన్నాను. వాళ్లిల్లు కాజీపేటలో రైలు పట్టాల పక్కనే. డాప్లర్ ప్రభావం, అంటే చప్పుడు చేసేది కదులుతుంటే మనకు వినిపించే స్వరం మారడం, ఆ పేజీ రాసి తెచ్చి చూపించింది. "రైలు దగ్గరికి వచ్చేకొద్దీ హారన్ స్వరం పెరుగుతుంది" అని ఉంది. ఇవాళ సాయంత్రం గూడ్సు పోయేటప్పుడు సరిగ్గా విను, అన్నాను. మర్నాటికి ఆ వాక్యం మీద అడ్డగీత పడింది. దాని కింద, "దగ్గరికి వచ్చేకొద్దీ చప్పుడు పెద్దదవుతుంది. స్వరం దాదాపు ఒకేలా ఉండి, ఇంజన్ మమ్మల్ని దాటేటప్పుడు దిగిపోతుంది" అని రాసింది. ఆ కిందనే లెక్క. రైలు వేగం గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్లు. ధ్వని వేగం 340. హారన్ 400 హెర్ట్జ్ అనుకుంటే వస్తున్నప్పుడు 425, పోతున్నప్పుడు సుమారు 378. ఆ కొట్టివేత నేను అమ్మే ఏ కట్టలోనూ దొరకదు.

ఇక ల్యాబ్ సంగతి. నాకు తెలిసిన ఒక కాలేజీలో శృతిదండాలు (కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల లోహపు కడ్డీలు), ధ్వని వేగం కొలిచే అనునాద గొట్టం ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడేదాకా బీరువా దిగవు. పాఠమేమో జూన్‌లోనే అయిపోతుంది. అప్పటికి రికార్డులూ నా దుకాణానికే వస్తాయి, ఒకరిది చూసి ఇంకొకరు ఎక్కించుకోవడానికి. గది ఉష్ణోగ్రత దగ్గర్నుంచి అందరివీ అవే అంకెలు. ఒక్కో డిగ్రీకి గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుందని పక్క పేజీలో వాళ్లే రాస్తారు. చలికాలం పొద్దున ఎవరో తీసిన రీడింగు మన వరంగల్ ఎండలోనూ అలాగే ఎలా వస్తుందని మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ఇంటర్ బోర్డుకు, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారులకు నా మనవి ఒక్కటే. ఈ పాఠం నడిచే రోజుల్లో వారానికి రెండు పీరియడ్లు పిల్లలు సొంత నోట్సు రాసుకోవడానికే టైంటేబుల్‌లో పెట్టండి. లెక్చరర్ బోర్డు వదిలి బెంచీల మధ్య తిరుగుతూ తప్పులు చూడాలి. శృతిదండాలు ఆ రోజే బయటికి రావాలి. సామాను లేని కాలేజీలో కూడా పని ఆగదు. నల్లా కింద బిందె పెట్టి వంటింట్లో ఉన్నా, అది నిండబోతోందని మన ఆడవాళ్లకు చెవితోనే తెలుస్తుంది. నీళ్లు పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి పొడవు తగ్గి స్వరం సన్నబడుతుంది. (బిందె సరైన గొట్టం కాదు కాబట్టి సూత్రం అచ్చంగా అతకదు. ఆ మాట కూడా నోట్సులో రాసుకోవచ్చు.) సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుండంలో వదిలిన తంగేడు పువ్వు అలకు పైకీ కిందికీ ఊగుతుంది గానీ అలతో పాటు ఒడ్డుకు పరుగెత్తదు. తరంగం శక్తిని మోసుకెళ్తుంది, నీళ్లను కాదు అనే వాక్యం పక్కన ఆ పువ్వు బొమ్మ గీస్తే చాలు.

రాసుకుంటూ కూర్చుంటే ఎప్‌సెట్‌కు టైమేదీ అని తల్లిదండ్రులు అడుగుతారు. నాలుగుకు, ఒకటికి తేడా తెలియని కట్టను పదిసార్లు తిరగేయడానికి పట్టే టైమే ఇదీ అని నా జవాబు.

నా వ్యాపారం గురించి ఎవరూ బెంగపడొద్దు. తెల్ల కాగితాలు, రూళ్ల నోటుపుస్తకాలు కూడా అమ్ముతాను.

– ఒక జిరాక్సు దుకాణదారుడు, హనుమకొండ