చిన్నతాత పేరు వెతికిపెట్టిన మీ అందరికీ

మా తాతగారి తమ్ముడు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళి తిరిగి రాలేదు. ఆచూకీ తెలియలేదని ఒక కాగితం వచ్చిందట, ఆ కాగితం కూడా ఇప్పుడు లేదు, ఉన్నది ఒక్క ఫోటోనే. పోయిన తేదీ తెలియదు కాబట్టి తిథి లేదు, ఇన్నేళ్ళుగా మహాలయ అమావాస్య నాడే ఆయనకి పెడుతూ వచ్చాం. ఆ ఫోటో ఇక్కడ మీకు చూపించి సాయం అడిగిన నెల రోజుల్లో మీరు చేసింది మా ఇంట్లో మూడు తరాలవాళ్ళం చేయలేకపోయాం.

ఫోటో వెనక పెన్సిల్‌తో ఒక నంబరు ఉంది, స్టూడియోవాళ్ళు రాసుకున్నదేలే అని మేమెవరం పట్టించుకోలేదు. అది సర్వీస్ నంబరని చూడగానే చెప్పారు రిటైర్డ్ సుబేదార్ గారు. బ్యాడ్జీని బట్టి మద్రాస్ శాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం, అని పోల్చింది కూడా ఆయనే. సార్, మీకు ముందుగా నా నమస్కారం.

యుద్ధంలో పోయిన సైనికుల వివరాలు ఉండే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో నేను ఇదివరకే చాలాసార్లు వెతికాను, ఏమీ దొరకలేదు. దొరకకపోవడానికి కారణం కనిపెట్టింది రికార్డులన్నీ గాలించే ఓపిక ఉన్న ఒక అక్క: రికార్డులో ఇంటిపేరు లేదు, పేరు చివరి 'అయ్య'ని మనం రాసుకునేలా కాకుండా 'ఐ ఏ హెచ్' అని రాశారు. నంబరు మాత్రం అంకె తేడా లేకుండా అదే! కింద తండ్రి పేరు, భార్య పేరు, మా ఊరి పేరు ఉన్నాయి. ఊరి స్పెల్లింగ్ ఎంత వంకరగా ఉందంటే పైకి చదివితేగానీ మన ఊరని తెలియలేదు. తేదీ 1945 మార్చి మొదటి వారం.

రోడ్లు వేసే పనికి తీసుకెళ్ళారని ఇంట్లో అనుకునేవాళ్ళు. ఆ రోజుల్లో బ్రిటిష్ వాళ్ళ పద్నాలుగో ఆర్మీ ఐరావతి నది దాటి బర్మాలోని మెయిక్తిలా ఊరి వైపు వెళ్తోందని, తెప్పల మీద మనుషుల్నీ బండ్లనీ దాటించడం, మందుపాతరలు తీయడం శాపర్ల పనేనని సుబేదార్ గారు ఫోన్లో గంటసేపు విడమరచి చెప్పారు. నాకు నోట మాట రాలేదు.

సమాధి లేనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలో స్తంభాల మీద చెక్కారు, దాదాపు 27,000 పేర్లు. అక్కడ ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకడు సెలవు రోజున వెళ్ళి, స్తంభం వెతికి పట్టుకుని, అక్షరాలు సరిగ్గా కనబడటం లేదని తడిగుడ్డతో తుడిచి మరీ ఫోటో తీసి పంపాడు. ఛార్జీలు ఇస్తానంటే "ఊరుకోండన్నా" అన్నాడు.

చిన్నతాత కూతురు, మా అత్త, నాన్నని చూడనే లేదు. ఇంగ్లిషు రాదు, అందుకని "ఇందులో నాన్న ఎక్కడరా?" అని అడిగింది. ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూపించాను. వేలు పెట్టగానే పక్కకి జరిగిపోతోంది, మళ్ళీ తెచ్చి పెట్టాను, మళ్ళీ జరిగింది. చివరికి ప్రింటు తీయించి ఇచ్చాను. ఇప్పుడు అది దిండు కింద ఉంది.

పాత పంచాంగం చూపిస్తే ఫాల్గుణ బహుళంలో తిథి తేలింది. వచ్చే ఫాల్గుణంలో మొదటిసారి ఆయన తిథి నాడే పెడుతున్నాం. తమ్ముడూ, సెలవు దొరికితే ఆ రోజు భోజనానికి నువ్వు రావాలని అత్త మరీ మరీ చెప్పమంది.