శనివారం నీళ్ళు రావు: ఏ శనివారం?

సంపాదకులకు నమస్కారం.

మా వీధి కుళాయి దగ్గర ఒడియా, తెలుగు రెండింటిలోనూ ఒక నోటీసు అంటించారు. తెలుగులో 'శనివారం నీళ్ళు రావు' అని ఉంది. ప్రతి శనివారమూ ఇంతేనేమో అనుకుని మూడు వారాలపాటు శుక్రవారం రాత్రిళ్ళు బిందెలూ బకెట్లూ నింపుకున్నాం. తీరా చూస్తే ఆగింది ఆ ఒక్క శనివారమే!

ఒడియా చదివినవాళ్ళకి ఈ తిప్పలు లేవు. 'ఆసే నాహిఁ' అంటే మామూలుగా రావని, 'ఆసిబ నాహిఁ' అంటే రాబోయే రోజున రావని. మనకి రెండింటికీ ఒకటే 'రావు'. 'వస్తాయి' కూడా అంతే, అలవాటుకీ అదే, రేపటికీ అదే. బడిలో దీన్నే తద్ధర్మం అని చెప్పారు గానీ, అప్పట్లో మార్కులకే పనికొచ్చింది. ఎదురుగా మనిషుంటే 'ఈ వారమేనా?' అని అడుగుతాం. గోడమీది కాగితాన్ని ఏమని అడుగుతాం?

దయచేసి తేదీ వేయండి, లేదా 'ఈ శనివారం' అని రాయండి. అన్నట్టు, కిందనే 'మరమ్మతు చేస్తున్నాం' అని కూడా ఉంది. అది మావాళ్ళు ఫోన్లో చెప్పే 'వచ్చేస్తున్నా' లాంటిదే. అప్పటికింకా ఎవరూ బయలుదేరలేదు.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా