తళ్ళికోట బిట్లు సరిచేయండి

సంపాదకుల వారికి,

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం మీరు వేసే పేజీలో తళ్ళికోట యుద్ధం మీద నాలుగు బిట్లు ఇచ్చారు. వాటిలో తేదీ ఒక్కటే సరిగ్గా ఉంది: 1565 జనవరి 23, మంగళవారం.

‘ఐదుగురు సుల్తానులు’ అన్నారు. విజయనగరం మీదికి కలిసింది నలుగురే. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా, బీజాపూర్ అలీ ఆదిల్ షా, బీదరు అలీ బరీద్ షా, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా (మన కవుల మల్కిభరాముడే, ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నవాడు). ఐదో రాజ్యం బీరార్ రాలేదు. అహ్మద్‌నగర్, బీజాపూర్‌ల మధ్య సోలాపూర్ కోట తగాదా ఉండేది. హుస్సేన్ ఆ కోటను కట్నంగా ఇచ్చి తన కూతురు చాంద్ బీబీని అలీకి పెళ్ళి చేశాకే పొత్తు కుదిరింది.

యుద్ధస్థలం మీరన్నట్టు తళ్ళికోట కాదు. డోణి నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో సుల్తానులు విడిది చేశారు, అంతే. పోరు కృష్ణ దాటాక దక్షిణాన జరిగింది. రక్కసగి, తంగడగి అనే రెండు ఊళ్ళ పేర్లు మన నోట్లో నలిగి, ఈ యుద్ధానికి మరో పేరైన ‘రాక్షసి తంగడి’ అయ్యాయి. పాపం, అక్కడ రాక్షసులెవరూ లేరు.

ఆ నది దాటడం గురించి మీ బిట్లలో ఒక్క ముక్కా లేదు. అవతలి గట్టున, విజయనగరం పెత్తనమంతా చేతిలో ఉన్న రామరాయల సైన్యం మట్టికట్టలు పోసుకుని రేవు కాస్తోంది. ఎదురుగా దిగితే చావే. సుల్తానులు వేరే రేవు వెతుకుతున్నట్టు మూడు రోజులు నది వెంట నడిచారు. దక్షిణపు గట్టున రామరాయల మనుషులూ వాళ్ళకి సమంగా కదిలారు. రేవు ఖాళీ అయింది. మూడో రాత్రి సుల్తానులు గిరుక్కున వెనక్కి తిరిగి అక్కడే దాటేశారు.

ఇక ‘ఓటమికి కారణం: గిలానీ సోదరుల ద్రోహం’. ఇద్దరు ముస్లిం సేనానులు ఫిరాయించారని రాసింది 1567లో విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్. బీజాపూర్ కొలువులో చరిత్ర రాసిన ఫెరిష్తా ఆ ఊసే ఎత్తలేదు. ఒక్క సాక్షి మాటను ఏకైక జవాబుగా ఎలా పెడతారు?

ఫెరిష్తా చెప్పేది ఫిరంగుల సంగతి. హుస్సేన్ ఫిరంగిదళం అధికారి చలబీ రూమీ ఖాన్ 600 ఫిరంగుల్ని మూడు వరసల్లో గొలుసులతో కట్టి నిలిపాడు: ముందు పెద్దవి, వెనక చిన్నవి, చివర జంబూరకాలు (అటూ ఇటూ తిప్పి పేల్చే బుల్లి ఫిరంగులు). వాటికి అడ్డంగా రెండు వేల మంది విలుకాళ్ళు. శత్రువు దగ్గరికి రాగానే విలుకాళ్ళు తప్పుకున్నారు, ఫిరంగులు పేలాయి. పెద్ద ఫిరంగి ఒకసారి పేలాక గొట్టం తుడిచి, మందు కూరి, గుండు దించేసరికి చాలాసేపు పడుతుంది. ఆ సందు పూడ్చడానికే వెనక వరసలు. విజయనగర సైన్యం మళ్ళీ మీద పడితే రాగినాణేల సంచులు కూరి పేల్చారు. గుండు ఒక్క గీతలో దూసుకుపోతుంది. నాణేలు చాటతో విసిరినట్టు చెదిరి, దగ్గర్లో ఉన్న గుంపునంతా కొడతాయి.

ముసలి రామరాయలు గుర్రమెక్కమంటే వినకుండా పల్లకీలో ఉన్నాడు. ఒక ఏనుగు పల్లకీ మీదికి దూసుకురాగానే బోయీలు పల్లకీ దించి పరుగెత్తారు. హుస్సేన్ ఆయన తల నరికించి ఈటెకు గుచ్చి చూపించాడు. దాంతో సైన్యం చెదిరిపోయింది.

వచ్చేసారి బిట్ల బదులు ఒక పటం వేయండి: డోణి, కృష్ణ, రేవు, మూడు వరసల ఫిరంగులు. అన్నట్టు, వివరణలో ‘సామ్రాజ్యం 1565తో అంతం’ అన్న వాక్యం కూడా తీసేయండి. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు రాజైన సదాశివరాయల్ని వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు. 1639లో ఆంగ్లేయులకు చెన్నపట్నం స్థలం ఇచ్చింది తిరుమలరాయల వంశమైన ఆరవీటి రాజుల సామంతుడు దామెర్ల వెంకటాద్రే.

- ఒక చరిత్ర ఉపాధ్యాయుడు, పెనుకొండ