ఎవర్ని అడిగారో కూడా వేయండి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో లోపలి పేజీలో ఒక సర్వే వార్త వచ్చింది. ఈ తరం పిల్లలకి పెళ్లంటే ఆసక్తి పోయిందని పెద్ద అక్షరాల హెడ్డింగు, కింద రంగురంగుల గ్రాఫు. రెండుసార్లు చదివాను. ఎంతమందిని అడిగారో లేదు, ఎవర్ని అడిగారో లేదు, ఏమని అడిగారో అసలే లేదు. చివర్లో ఒక్క ముక్క మాత్రం ఉంది, సర్వే ఆన్‌లైన్లో జరిగిందని. ఈలోపు మా ఇంట్లో దాని మీద వాదన మొదలైపోయింది, "చూశావా, పేపర్లో కూడా వేశారు" అని.

నేను డిగ్రీలో సోషియాలజీ చదువుకున్నాను. ఆ గ్రూపు తీసుకున్నానంటే అప్పట్లో అందరిదీ ఒకటే మాట, సమాజం గురించి చదవడానికేముంది, కళ్లముందే ఉందిగా అని. నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ అలాగే అనిపించింది. ఆ శాస్త్రానికి పేరు పెట్టింది ఆగస్ట్ కోమ్త్, దుర్కైమ్ ఇలా అన్నాడు, వెబర్ అలా అన్నాడు అని నోట్సు రాసుకుని బట్టీ పట్టడమే. ఫీల్డ్ వర్కుకి వెళ్లాక గానీ అసలు సంగతి తెలియలేదు.

మా చేతికి ప్రశ్నల ఫారాలు ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఒక ఇంట్లో ఒకావిడ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది, పక్కన కుట్టాల్సిన బట్టలు మోకాలెత్తు గుట్ట. "మీరు ఏమైనా పని చేస్తారా అండీ?" అని అడిగాను. మిషన్ తొక్కడం ఆపకుండానే "లేదమ్మా, ఇంట్లోనే ఉంటాను" అంది. నేను బుద్ధిగా 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. సాయంత్రం ఫారాలు తిరగేస్తూ మా మేడం, నువ్వు మాట్లాడుతున్నంతసేపూ ఈవిడ ఏం చేస్తోంది అని అడిగారు. బట్టలు కుడుతోందండీ అన్నాను. "ఎవరివి? అంత గుట్ట సొంతానికి ఎవరు కుట్టుకుంటారు?" అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఆవిడ లెక్కలో పని అంటే గడప దాటి వెళ్లి చేసేది. అబద్ధం చెప్పింది నా ఫారం. మర్నాటి నుంచి ప్రశ్న మార్చేసి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి అని అడగడం మొదలుపెట్టాం. అదే వీధి, అవే ఇళ్లు, పని చేసే ఆడవాళ్ల లెక్క మాత్రం వేరేగా వచ్చింది.

ప్రశ్నలో ఒక్క మాట మారినా జవాబు మారిపోతుందని తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. 1941లో అమెరికాలో, ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలు చేయడాన్ని నిషేధించాలా అని అడిగితే అవునన్నవాళ్లు 46 శాతం. అనుమతించాలా అని అడిగితే వద్దన్నవాళ్లు 62 శాతం. రెండిటికీ అర్థం ఒకటే కదా అనుకుంటాం, కానీ 'నిషేధం' అన్న మాట గట్టిగా తగులుతుంది, జనం వెనకాడతారు.

సరే, ప్రశ్న సరిగ్గానే అడిగారనుకుందాం, జవాబు నిజమేనా అన్నది ఇంకో తలనొప్పి. రిచర్డ్ లాపియర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1930ల మొదట్లో ఒక చైనా జంటని వెంటబెట్టుకుని అమెరికా అంతా తిరిగాడు. అక్కడ చైనావాళ్లంటే బాగా వ్యతిరేకత ఉన్న రోజులవి. 251 హోటళ్లు, రెస్టారెంట్లు, అలాంటి చోట్లకి వెళితే, మీకు చోటు లేదు పొమ్మన్నది ఒకే ఒక్క దగ్గర. ఆరు నెలలు ఆగి అవే చోట్లకి, చైనావాళ్లు వస్తే చేర్చుకుంటారా అని ఉత్తరాలు రాశాడు. జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా 'చేర్చుకోం' అనే రాశారు! 1934లో ఇది అచ్చయ్యాక దాన్నీ జనం వదల్లేదు, ఉత్తరానికి జవాబు రాసినవాడూ ఆ రోజు కౌంటర్లో నిలబడ్డవాడూ ఒకడేనని ఏమిటి నమ్మకం, పక్కన తెల్లవాడైన లాపియర్ ఉండబట్టి ఊరుకున్నారేమో, పైగా సగం మంది జవాబే ఇవ్వలేదు కదా అని తగులుకున్నారు. ఈ సబ్జెక్టులో నాకు నచ్చేది అదే, ఎవడు ఏం కనిపెట్టినా పక్కవాడు వచ్చి నీకెలా తెలుసు అని నిలదీస్తాడు. అంత చేసినా మనిషి చెప్పేదానికీ చేసేదానికీ మధ్య సందు ఉంటుందన్న సంగతి మాత్రం నిలిచింది. ఫోన్లో 'పెళ్లి వద్దు' అని నొక్కిన కుర్రాడు రేపు ఏం చేస్తాడో మీ గ్రాఫుకేం తెలుసు?

ఎక్కువమందిని అడిగితే సరిపోతుందని కూడా అనుకోకండి. 1936 అమెరికా ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ఫలితాల్లో ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 ఊడ్చేశాడు. అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్లోంచి తీసుకున్నారు, అది ఆర్థిక మాంద్యం కాలం, బీదవాళ్లు ఆ జాబితాల్లో ఎక్కడుంటారు? జవాబు పంపే ఓపిక ఎవరికుందన్నది ఇంకో తేడా. వాళ్లకంటే చాలా తక్కువమందిని, కాస్త ఆచితూచి ఎంచుకుని అడిగిన గాలప్ అనే సర్వేల నిపుణుడు గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. ఆ పత్రిక 1938లో మూతపడింది, మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు లెండి.

మళ్లీ మీ హెడ్డింగు దగ్గరికి వస్తాను. ఆసక్తి 'పోయింది' అన్నారు. పోయింది అనాలంటే ఒకప్పుడు ఇంత ఉండేదని లెక్క ఉండాలి కదండీ. ఇరవై ఏళ్లవాళ్లని ఇప్పుడు అడిగితే పెళ్లి వద్దంటారు, ముప్ఫై ఏళ్ల కిందట ఇరవై ఏళ్లున్నవాళ్లని అడిగినా అలాగే అనేవారేమో. అది తరం తెచ్చిన మార్పా, వయసు మాట్లాడించే మాటా అన్నది ఒక్కసారి అడిగితే తేలదు, అప్పటి ఇరవై ఏళ్లవాళ్ల జవాబూ ఇప్పటి ఇరవై ఏళ్లవాళ్ల జవాబూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒకవేళ మార్పు నిజంగానే వచ్చిందనుకున్నా, "ఈ పిల్లలకి బాధ్యత లేదు" అని మీ వార్త చివర్లో తేల్చేసిన తీరు నాకు నచ్చలేదు. సి. రైట్ మిల్స్ అనే అమెరికా సోషియాలజిస్టు 1959లో ఒక మాట రాశాడు. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే అతని గుణం, అతని నైపుణ్యం చూడొచ్చు, కానీ 5 కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఒక్కొక్కడి గుణం వెతకడంలో అర్థం లేదు, ఉద్యోగాల ఏర్పాటే ఎక్కడో దెబ్బతిందని చూడాలి అని. పెళ్లి విషయమూ అంతే. లక్షలమంది ఒక్కసారిగా వెనకాడుతుంటే జీతాలెలా ఉన్నాయి, ఇంటి అద్దెలెలా ఉన్నాయి, చదువు ఎన్నేళ్లు సాగుతోంది, పెళ్లయ్యాక ఎవరి ఉద్యోగం పోతోంది, ఇవి కదా అడగాల్సింది.

ఆ సర్వే ఎవరు చేశారో, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారో, ప్రశ్న యథాతథంగా ఏమిటో మీ దగ్గర ఉంటే వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి. లేకపోతే మా దగ్గర లేదని ఒక్క లైను వేసినా మా ఇంట్లో వాదన ఆగిపోతుంది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు