నాచు ప్లాస్టిక్‌కు మా ఎండలో ఒక ఏడాది ఇవ్వండి: బహిరంగ లేఖ

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. రామగుండం ఎన్టీపీసీ చిమ్నీలు మా డాబా మీదికి కనిపిస్తాయి. 2024 ఆగస్టులో కేబినెట్ ఆమోదించిన బయో ఈ3 విధానంలో (జీవ సాంకేతికతతో సరుకుల తయారీని ప్రోత్సహించేది) కార్బన్‌ను పట్టి వాడుకోవడం కూడా ఉందని చదివి ఇది రాస్తున్నాను.

మా వరి రైతులకు నీలి ఆకుపచ్చ నాచు కొత్త కాదు, నత్రజని కోసం మడిలో చల్లుతారు. దాని దాయాది సినెకోసిస్టిస్ వెలుతురులో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి, పీహెచ్‌బీ అనే పాలిమర్‌ను కణంలో గింజల్లా దాచుకుంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు అరిగించుకోగల ప్లాస్టిక్ అది. కాకపోతే నత్రజని దొరక్క ఆకలేసినప్పుడే దాస్తుంది, అదీ కొంచెమే. 2020లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు కార్బన్‌ను పీహెచ్‌బీ వైపు పోనివ్వని ఒక జన్యువును తీసేసి, వేరే బ్యాక్టీరియావి రెండు చేర్చారు. అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే లవణం) కూడా పోస్తే కణం ఎండు బరువులో 80 శాతం దాకా పీహెచ్‌బీయే వచ్చింది. అసిటేట్ లేకుండా 60 పైన.

అయితే ఇది ల్యాబ్‌లో వచ్చిన అంకె. ఇంతటితో పొగ బెడద తీరిందని ఎవరైనా స్లైడ్లు చూపిస్తే నమ్మకండి. కిలో పీహెచ్‌బీకి పట్టేది సుమారు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్. 2,600 మెగావాట్ల మా పాత ప్లాంటు పూర్తి లోడులో గంటకు రెండు వేల టన్నులకు పైనే వదులుతుంది. అదంతా మింగాలంటే గంటకు వెయ్యి టన్నుల ప్లాస్టిక్ చేయాలి. ఎవరు కొంటారు?

దీన్ని మంచి సరుకుగా చూసి డబ్బివ్వండి. మిర్చి, పుచ్చ రైతులు పరిచే మల్చింగ్ షీట్లు చిరిగి చేలోనే మిగిలిపోతున్నాయి, అక్కడ పనికొస్తుంది. పీహెచ్‌బీ ఒక్కటే అయితే పెళుసు, ఇంకోటి కలపాలి. కణం పగలగొట్టి పాలిమర్ తీయడానికి క్లోరోఫాం లాంటి విషపు ద్రావణి వాడితే పర్యావరణం పేరెత్తకపోవడమే మంచిది. ఖర్చంతా ఇలాంటి చోట్లే ఉంది, పరిశోధన నిధులు మాత్రం కొత్త జన్యువుల వైపే పోతాయి.

నేనడిగేది చిన్నది. ఒక థర్మల్ ప్లాంటు పక్కన ఈ నాచును పెంచే మూసిన ట్యాంకులు పెట్టి ఏడాది పొడవునా నడిపించండి. జన్యువులు మార్చిన జీవి కాబట్టి అలాంటి జీవుల వాడకంపై పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఉన్న 1989 నిబంధనల ప్రకారం అనుమతులు తీసుకోవాలి, చుక్క కూడా గోదావరిలో కలవకూడదు. ఈ జీవికి 30 డిగ్రీలు హాయి. మాకు మేలో 45 కొడుతుంది. ఆ నెల లెక్కలు బాగా రాకపోయినా దాచకుండా బయట పెట్టించండి.

ఇట్లు,
గోదావరిఖని నుంచి ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్