ఏ ఆనంద్ గెలిచాడు?

జిల్లా చెస్ పోటీల ఫలితాలను ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరుతో ప్రచురించడం వల్ల ఛాంపియన్ల పేర్లున్న మన పిల్లల గెలుపు లెక్కలోకి రావడం లేదు. ఆనంద్, హరికృష్ణ మన దగ్గర వీధికొకరికి ఉండే పేర్లే. విజయనగరంలో ఒక స్కూల్ టోర్నమెంట్‌లో ‘ఆనంద్ విన్నర్’ అని బోర్డు మీద రాస్తే చూసినవాళ్లు జోకులేసుకున్నారు, గెలిచిన కుర్రాడు పక్కనే నిలబడి ఉన్నాడు. నెట్‌లో వాడి కోసం వెతికితే 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయిన విశ్వనాథన్ ఆనంద్ ఫోటోలే వస్తాయి. అది సరదాగానే ఉంటుంది కానీ, పేపర్ కటింగ్ చూపించినప్పుడు ‘ఇది మీవాడేనని రుజువేంటి?’ అని అడిగితే తల్లిదండ్రులు ఏం చెప్పాలి? పేర్లు కలిసినా అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) ఆటగాళ్లకు ఇచ్చే ఐడీ నంబరు ఎవరిది వారిదే. విశ్వనాథన్ ఆనంద్‌ది 5000017, ఇంకెవరికీ ఉండదు. నిర్వాహకులు ఎంట్రీ ఫారంలోనే ఆ నంబరు తీసుకుని, సర్టిఫికెట్ మీదా పత్రికలకిచ్చే జాబితాలోనూ ఇంటిపేరు, ఊరుతో పాటు వేయాలి. ఐడీ లేని చిన్నపిల్లలకు స్కూలు పేరు, తరగతి రాస్తే చాలు. పత్రికలు కూడా ఈ వివరాలు లేని జాబితాను వెనక్కి పంపాలి.

– ఒక చెస్ అభిమాని, కంటోన్మెంట్, విజయనగరం